కోలారు దిబ్బల ప్రక్కన



కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ మారికుప్పం పోయే బండి పట్టుకొంటే కోలారు బంగారు గనుల ఊరు చేరవచ్చును. కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ అని స్టేషన్లకు కూడా గనుల పేర్లే. ఉదయం పూట ఎదురు వచ్చే బండ్లు క్రిక్కిరిసి ఉంటాయి. గనులు మూతపడిన తరువాత ఈ ఊరివారు వేలమంది ప్రతిరోజూ బెంగుళూరు పోయి పని చేసుకొని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. సినిమా చూచి ఈ ఊరిని ఊహించుకొన్న మన యౌవనస్థులకు ఇక్కడ కనబడేది వేరు.

1880 నుండి జాన్ టేలర్ అను ఆంగ్లేయ సంస్థ ఇక్కడ త్రవ్వకము సాగించింది. 1902లోనే శివసముద్రము నుండి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు దిగింది. తమిళ సోదరులతో పాటు మన చిత్తూరు సీమ తెలుగువారును ఆ వేడిలోనికి దిగి పని చేశారు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవారు ఎందరో. మొత్తము మీద సుమారు 800 టన్నుల బంగారము తీశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేశారు.

బంగారము వెళ్ళిపోయింది గాని దిబ్బలు మిగిలాయి. మేము సంఘ పెద్దలతో కలిసి వీధుల్లో నడచినంత సేపూ ఇండ్ల వెనుక అవే కనబడ్డాయి. చెట్టు చేమ లేని బూడిద రంగు గుట్టలు, వాన కోసిన గాడులు. వాటిని సైనైడ్ దిబ్బలు అంటారు. రాతిని పిండిలా నూరి, సైనైడు కలిపిన నీటిలో బంగారమును కరిగించి తీసుకొని, మిగిలిన బురదను బయట పోసేవారు. ఆ సైనైడు ఎండకు, గాలికి కొంత కాలానికి విరిగిపోతుంది. రాతిలోని లోహములు మాత్రము అలా పోవు. గంధకముతో కూడిన రాతిపొడి గాలికి, వానకు తగిలితే ఆమ్లము పుట్టి ఆ లోహములను నీటిలోనికి లాగుతుంది.

ఒక తెలుగు అవ్వ మమ్మును లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "అయ్యగారూ, గాలికాలం వచ్చిందంటే కడవకు గుడ్డ కట్టకుండా నీళ్ళు పెట్టేదానికి లేదు" అన్నది. ఆరవేసిన బట్టల మీద, పిల్లల తలల మీద అదే పొడి. త్రాగే నీళ్ళు ఆమె డబ్బు పెట్టి కొంటున్నది. ఒకప్పుడు పాలారు మీది బేతమంగళము చెరువు నుండి గొట్టముల ద్వారా నీరు తెప్పించుకొన్న ఊరు ఇది!

గనుల దగ్గర కాపురముండే మన కుటుంబములు ఒక సంగతి తెలిసికొనవలెను. కాచితే నీటిలోని క్రిములు చస్తాయి, అంతే. ఆర్సెనిక్, సీసము వంటివి కాచినా, గుడ్డతో వడకట్టినా పోవు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. తేటగా ఉన్నదని నమ్మరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు బోరు నీరు పంపి, లోహముల పరీక్ష కూడా చేయుమని అడగవలెను. పరీక్షించే వరకు ఆ నీరు చంటిబిడ్డలకు పట్టకపోవుట మంచిది.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము ఇక్కడి 13 దిబ్బలను తిరిగి శుద్ధి చేసి, మిగిలిన బంగారము తీయుటకు అంగీకరించింది. వాటిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పొడి ఉన్నదని అంచనా. ఊరిలో పని దొరుకుతుందని కుర్రవాళ్ళకు ఆశ. అవ్వ మాత్రము, "తీస్తే తీయనీ. మళ్ళీ మిగిలేది యాడ పోస్తారంట?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. టన్ను పొడిలో దొరికే బంగారము గ్రాములోపే. తక్కినదంతా మరల ఎక్కడో పోయవలసినదే. ఆ చోట అడుగున నీరు ఇంకని పొర వేస్తారా, పైన మట్టి కప్పి గడ్డి పెంచుతారా, చుట్టుప్రక్కల బావులను ఎవరు పరీక్షిస్తారు, ఎన్నేండ్లు పరీక్షిస్తారు? పని మొదలు కాకముందే ఇవి కాగితము మీదికి రావలెనని మేము ఆ కుర్రవాళ్ళతో చెప్పాము. వారిలో ఇద్దరు మునిసిపాలిటీకి ఇవ్వవలసిన అర్జీ అప్పటికప్పుడే వ్రాయనారంభించారు.