సిద్ధపాటుకు ఆరడుగుల నేల



మా చండ్రుగొండ వైపు సి.ఎస్.ఐ. సంఘాల్లో ఇది ఆగమన కాలం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. బయటివాళ్లకు నక్షత్రాలు, కేకులు కనబడతాయి. లోపల వినిపించే ప్రసంగం మాత్రం చావు గురించి. ఏ గడియ నీదో తెలియదు, సిద్ధపడి ఉండు. బాకీలు తీర్చుకో, పగలు వదులుకో, దీపంలో నూనె చూసుకో.

ఈ మాట మనవాళ్లకు చిన్నదేమీ కాదు. వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో ఈ ప్రాంతపు సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలే. వెట్టి చేసే మనిషికి నువ్వు లెక్క చెప్పాల్సింది దేవుడికి, దొరకు కాదు అని ఎవరైనా చెప్తే, ఆ మనిషి నడుం నిటారుగా లేస్తుంది.

కానీ మంచి చావుకు మనసొక్కటే సరిపోదు. నేల కావాలి. కాగితం కూడా కావాలి.

మా అమ్మకు అరవై దాటాయి. తెల్ల చీర పెట్టెలో పెట్టుకుంది. చీటీ బాకీ కట్టేసింది. ఏళ్ల తరబడి మాటల్లేని చెల్లెలింటికి పోయి అన్నం తిని వచ్చింది. అన్నీ అయ్యాక నన్ను పిలిచింది. "నేను పోయినంక సమాధి మీద సిలువ పెట్టు బిడ్డా. నీ సర్టిఫికెట్‌కు అడ్డమైతదంటే మట్టి కప్పి వదిలెయ్. నేనెవరినో దేవునికి ఎరికే."

ఆమెకు చావంటే భయం లేదు. ఆమె భయపడేది 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుకు. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివారు ఎస్సీ కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. తెలంగాణలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీని బీసీ-సీలో వేస్తారు, రిజర్వేషన్ ఒక శాతం. మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటుంది. ఊరు అలా అనుకోదు. వాడ అదే, బొందలగడ్డ అదే.

గోడ మీద సిలువ ఉందని, చర్చికి వెళ్తోందని ఒక డాక్టరమ్మ కుల సర్టిఫికెట్ రద్దు చేస్తే, అది చెల్లదని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చింది. అమ్మకు ఆ సంగతి చెప్పాను. "మరి ఆమెను కోర్టు దాకా ఎందుకు తిప్పిన్రు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తరగతిలో జాషువా 'శ్మశానవాటి' చెప్తుంటాను. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో ఆ పద్యాలకు ఊరంతా వన్స్‌మోర్ కొడుతుంది. చావు ముందు అంటరానితనం లేదన్న కవికి రాత్రి చప్పట్లు కొట్టిన ఊళ్లోనే, తెల్లారితే మాలలకో బొందలగడ్డ, మాదిగలకో బొందలగడ్డ, ఊరికో శ్మశానం.

మన అడవికి అవతల బస్తర్‌లో 2025 జనవరి 7న ఒక దళిత పాస్టర్ చనిపోయారు. చింద్వాడా ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు, సొంత పొలంలోనూ పూడ్చనివ్వలేదు. శవం మార్చురీలో ఉండగా కొడుకు సుప్రీంకోర్టుకెక్కాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్లమన్నారు. ఆ పెద్దాయన సిద్ధంగానే ఉండి ఉంటారు. ఊరే సిద్ధంగా లేదు.

అందుకే విద్యార్థి మిత్రులకు నా మాట. ఈ నాలుగు వారాల్లో మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. ఎట్లా సాగనంపాలో వాళ్ల నోటితోనే అడగండి, రాసిపెట్టుకోండి. మీ వాడ బొందలగడ్డ ఏ సర్వే నంబరులో ఉందో పంచాయతీలో, తహసీల్దారు ఆఫీసులో అడగండి. రికార్డులో లేకపోతే దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. ఊరూరా కట్టిన వైకుంఠధామంలో పూడ్చుకునేవాళ్లకు చోటుందో లేదో చూడండి. మూడో పేరాను సంఘంలో అందరికీ చదివి వినిపించండి.

మా అమ్మ సమాధి మీద సిలువ ఉంటుంది. ఆమెకు ఆ మాట ఇచ్చాను. దానికోసం ఏ ఆఫీసులో ఏం అడిగినా జవాబు చెప్పుకోవడం ఇక నా సిద్ధపాటు.

జై భీమ్.