కట్టిన్రు

మా బావ పాలమూరు వైపు ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు. "ఒక్కసారి మా బడికొచ్చి నాలుగు ముక్కలు రాయి" అని ఏడాదిగా పోరుతుంటే మొన్న వెళ్లాను. హెడ్మాస్టరుగారు కొత్త గదులు చూపిస్తామన్నారు. నేను మాత్రం తొమ్మిదో తరగతి వెనక బెంచీ మీద కూర్చుని గంట కొట్టేదాకా లేవలేదు.

ఆ రోజు పాఠం ప్యాసివ్ వాయిస్. బావ చేతిలో రెండు సుద్దముక్కలు. పని చేసినవాడు ఎర్రసుద్ద, పని దేని మీద జరిగిందో ఆ మాట తెల్లసుద్ద. 'ద బాయ్ బ్రోక్ ద స్లేట్' అని రాశాడు. తెల్లమాటను ముందుకు తెచ్చాడు. ఒకటైతే 'వాజ్', ఎక్కువైతే 'వర్'. ఆపైన క్రియ మూడో రూపం, పిల్లల మాటలో వీ-త్రీ. 'ద స్లేట్ వాజ్ బ్రోకెన్.' ఎర్రమాట 'బై' వెంటబడి చివరికి పోయింది. ఒకడు 'వాజ్ బ్రోక్' అంటే బావ కోప్పడలేదు. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్ అని వేళ్ల మీద లెక్కపెట్టించాడు. 'ద బాయ్ స్లెప్ట్' మార్చమంటే తరగతంతా తెల్లమాట కోసం వెతికింది. కర్మ లేని క్రియకు ఈ మార్పు కుదరదని వాళ్లే తేల్చారు.

"సార్, ముందుగాలది మంచిగనే ఉన్నది గదా, ఎందుకు మార్చాలె?" అన్నాడొక పిల్లాడు.

నా చిన్నప్పుడు ఇదే అడిగితే 'పరీక్షలో వస్తుంది' అన్నారు. బావ అలా అనలేదు.

"నాగార్జునసాగర్ ఎట్లొచ్చిందిరా?"

"కట్టిన్రు సార్."

"ఎవరు?"

ఎవరూ పలకలేదు.

"చూసిన్రా, ఎవరో చెప్పకుండనే చెప్పిన్రు. ఇంగ్లీషుల అదే 'వాజ్ బిల్ట్'."

నాకు ఒళ్లు పులకరించింది. 'నిర్మించబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. 'కట్టారు', 'కట్టిన్రు' అంటాం. ఈ ఇంగ్లీషు వాక్యానికి దారి పిల్లల నోట్లోనే ఉంది. దాన్ని వదిలేసి తరాలుగా వాక్యాలు తిరగేయడమే నేర్పుతున్నాం. చేసినవాడు తెలియనప్పుడు, చెప్పనక్కర్లేనప్పుడు, జరిగిన పనే ముఖ్యమైనప్పుడు ఇలా అంటారని చెప్పం. చేసినవాణ్ణి దాచడానికీ ఇది పనికొస్తుందని అసలే చెప్పం. 'కాగితాలు పోయాయి' అన్నవాడిని 'ఎవరు పోగొట్టారు?' అని నిలదీయగలగడమే ఈ పాఠం ఇచ్చే చదువు. దాన్ని మార్కుల కోసం ఎండబెట్టేశాం.

"మా తాత సాగర్ల రాళ్లు మోసిండు సార్," అంది ముందు బెంచీ అమ్మాయి.

1955లో సాగర్‌కు పునాదిరాయి వేసింది నెహ్రూ అని అందరం చదివాం. రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో అదొకటి. ఆ రాళ్లు మోసిన పాలమూరు కూలీలకు మాత్రం ఏ పుస్తకమూ 'బై' పక్కన చోటివ్వలేదు.

బావ ఆమెకు రెండు సుద్దముక్కలూ ఇచ్చాడు. 'ద స్టోన్స్' అని తెల్లసుద్దతో రాసి ఆగింది. రాయి ఒకటి కాదు గదా అని తనలో తానే అనుకుని 'వర్ క్యారీడ్' అని చేర్చింది. 'బై' తర్వాత ఎర్రసుద్ద అందుకుని, పెద్ద అక్షరాలతో, 'మై గ్రాండ్‌ఫాదర్' అని రాసింది.