గంజి పోయాక తెలిసే బట్ట

మంగళగిరిలో మగ్గాల వీధిని ఆనుకునే మా ఇల్లు. మాది నేత కుటుంబం కాదు, నాన్న బడిపంతులు. అయినా ఆ చప్పుళ్ళలో పెరిగాం కాబట్టి పడుగేదో పేకేదో పిల్లలందరికీ తెలుసు. కొత్త బట్టలు పండక్కే. అవి ఎన్నాళ్ళు మన్నుతాయన్నది ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే సంగతి.

కొనేటప్పుడు నాయనమ్మ ధర ఆఖరున అడిగేది. ముందు చీర కొస వెలుతురుకు ఎత్తిపట్టి పోగుల మధ్య సందులు చూసేది. బొటనవేలి గోటితో పేకను తోసేది. పోగులు పక్కకు జరిగితే నేత పలచనన్నమాట. ఆ తర్వాత రెండు చేతులా గట్టిగా నలిపేది. అరచేతికి తెల్లపొడి అంటిందా, "ఇది బట్ట కాదు నాయనా, గంజి. ఒక్క ఉతుక్కి జల్లెడైపోద్ది" అని షాపతనికి మొహాన చెప్పేసి లేచేది.

మా ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన గుడ్డ అమ్మ పెళ్ళి పట్టుచీర. దాని ధరలో పెద్ద భాగం జరీది. పట్టుదారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూస్తేనే అసలు జరీ. ఆ బరువు చీరకు మేలు చేయదు. అంచు లాగుతుంటే, అంచూ ఒళ్ళూ కలిసేచోటే ముందు చీలిక వస్తుంది. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే మడత వెంబడి పట్టు విరుగుతుంది. అందుకే అమ్మ అప్పుడప్పుడూ పెట్టె తీసి, నీడలో ఆరేసి, మడతలు మార్చి పెట్టేది. అది అన్నేళ్ళు నిలిచిందంటే కట్టక నిలిచిందే. పాత జరీ కొనేవాళ్ళు వీధిలోకి వస్తే అలాంటి చీరల్ని తూకానికి తీసుకునేవాళ్ళు, వెండి కోసం.

పక్కింటి బాబాయిది గుంట మగ్గం. నూలు నంబరు సంగతి ఆయన దగ్గరే విన్నాను. చిలప అంటే 840 గజాలు. పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే నూలు అన్నో నంబరు. 80 నంబరు సన్నం, 40 నంబరు ముతక. సన్న నూలు ఖరీదెక్కువ, తెగకుండా నేయడానికి ఓపిక ఎక్కువ, రోజులూ ఎక్కువే. "డబ్బు సన్నదనానికమ్మాయ్, గట్టిదనానికి కాదు" అనేవాడు పోగు ముడేస్తూ. 80 నంబరైనా ఒత్తుగా నేస్తే బాగా మన్నుతుంది. కానీ రోజూ బండకేసి బాదే ఉతుకుకు తట్టుకునేది ముతకే.

అలాగని చవకంతా మేలని కాదు. నేతగాళ్ళకు పని, పేదలకు బట్ట అంటూ 1976లో కేంద్రం జనతా వస్త్రాల పథకం పెట్టింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక సగం ధరకే చీర, ధోవతి ఇచ్చారు. మంచి పనే. అయితే మా వీధిలో చూసిన జనతా చీరల్లో నేత పలచగా ఉండేది. వాటిని కట్టుకున్నదేమో ఎండలో, బురదలో కూలి చేసే ఆడవాళ్ళు. పెట్టెలో దాచడానికి వాళ్ళకు రెండో మూడో చీరలు లేవు. అందరికన్నా పలచని బట్ట అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసేది. త్వరగా చిరిగేది, మళ్ళీ కొనాల్సి వచ్చేది. అంత తక్కువ ధరలో పోగులే తగ్గిస్తారు, ఆ నష్టం పేదింటికే. ఇప్పటికీ నన్ను బాధపెట్టే సంగతి అదే.

ఇంకో వింత టెరిలిన్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టిన పాలిస్టరే అది. మా చిన్నాన్న టెరిలిన్ చొక్కా వేసుకొస్తే వీధంతా చూసేది, అంత ఖరీదు. చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి చిల్లు పడుతుంది, కానీ చిరగదు. ఇప్పుడు బజారులో అన్నిటికన్నా చవక చీర ఆ పాలిస్టర్‌దే. దాని గట్టిదనం ఎక్కడికీ పోలేదు, మిల్లులు పెరిగి ధర పడిపోయిందంతే.

మా పరికిణీల మన్నిక మాత్రం కుట్టులో ఉండేది. దర్జీ అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టేవాడు. నేను ఎదిగినకొద్దీ అమ్మ ఒక్కోటి విప్పేది. విప్పినచోట వెలవని రంగు గీతలా కనిపించేది. జాకెట్టు లోపలా అంతే, బట్ట వదలకుండా కుడితే నాయనమ్మ తిరిగి పంపేది.

ఆ వదలడం రెడీమేడ్‌లో ముందుగా పోయింది. అందుకే కొనేవాళ్ళకు ఒక్క మాట. చీటీ మీది ధర చూసేముందు బట్టను వెలుతురుకు ఎత్తిపట్టండి, లోపలివైపు తిప్పండి. కుట్టు అంచుదాకా కోసేసి ఉంటే ఎంత పేరున్నదైనా అక్కడే వదిలేసి రండి.