దాదా గిటార్ ఎవరి ఇనాం?

మెదక్‌లో మా దాదా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు అన్నింటికీ లెక్క తేలింది, ఒక్క గిటార్‌కి తప్ప. జాగా ఖీమత్ రిజిస్ట్రీ ఆఫీసులో తెలుస్తుంది. రాగి దేగులు తూకానికి పోతాయి. మరి గిటార్? అది మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండే మామూలు గిటార్ కాదు. వయొలిన్‌లాగా ముందు చెక్క ఉబ్బెత్తుగా ఉండి, రెండు పక్కలా ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం లాంటి చీలికలుంటాయి. ఆర్చ్‌టాప్ అంటారు.

చాచా దగ్గర దానికో ఖిస్సా ఉంది. మా పర్‌దాదా మెదక్ చర్చి కట్టడంలో మేస్త్రీ అట. 1924లో చర్చి పూర్తయినప్పుడు ఓ దొర ఆయన హునర్‌కి ఖుష్ అయ్యి ఈ గిటార్ ఇనాంగా ఇచ్చాడట. అంటే వందేళ్ల చీజ్! హైదరాబాద్‌లో ఒకాయన మూడు లక్షలదాకా ఇస్తానన్నాడని చాచా మురిసిపోయారు. అమ్మి, అబ్బా తాను చెరిసగం తీసుకోవాలని తక్సీం కూడా చేసేశారు. ఇద్దరు ఫుప్పూల మాట వస్తే, “ఆడోళ్లకు గిటార్‌తో ఏం కామ్?” అని నవ్వేశారు.

పాత వాయిద్యాల మీద నాకున్న షౌక్ ఖాందాన్‌లో అందరికీ తెలుసు. ఒకసారి చూసి చెప్పమన్నారు అబ్బా. నా ఉసూల్ ఒక్కటే: ముందు చెక్కని అడగాలి, తర్వాత మనుషుల్ని.

ఎఫ్ చీలికల గిటార్‌కి పేరు తెచ్చింది అమెరికాలోని గిబ్సన్ కంపెనీ, 1922లో తీసిన ఎల్-5 మోడల్‌తో. రెండేళ్లకే అలాంటిది మెదక్ చేరడం ముష్కిల్, అయినా నాముమ్‌కిన్ అనలేం. అందుకే టార్చి వేసి చీలిక అంచు చూశాను. ఖరీదైన ఆర్చ్‌టాప్‌లో మందపాటి చెక్కని ఉలితో చెక్కి ఉబ్బు తెస్తారు. పైన కనిపించే నార గీతలే అంచులో కూడా కిందిదాకా సాగుతాయి. మన గిటార్ అంచులో ప్లైవుడ్‌లాగా మూడు పొరలు కనిపించాయి. అంటే చెక్కింది కాదు, అచ్చులో నొక్కింది. పైగా ఎవరో తలుపులకు కొట్టే వార్నిష్ కొట్టారు. దాంతో మెరుపు పెరిగింది గానీ, అసలు పాలిష్ పోతే ఖీమత్ పడిపోతుంది.

తల ముందు పేరు చెరిగిపోయింది. వెనక మాత్రం చిన్న ముద్ర మిగిలింది: ఐదు అంకెలు, పక్కన 64, ఆ తర్వాత ఓ అక్షరం. ఇది జర్మనీ ఫ్రామస్ కంపెనీ తరీఖా. విడిగా ఉన్న రెండంకెలు సంవత్సరం, అక్షరం నెల. ఫ్రెడ్ విల్ఫర్ అనే ఆయన ఆ కంపెనీ పెట్టిందే 1946లో. మన గిటార్ 1964లో పుట్టింది. చర్చి కంటే నలభై ఏళ్లు చిన్నది.

ఇంకో నిషానీ కూడా ఉంది. తల దగ్గర తీగలు ఆనుకునే నట్ ఉండాల్సినదానికంటే బాగా ఎత్తు. అంటే దాన్ని ఒళ్లో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీ జరుపుతూ హవాయి పద్ధతిలో వాయించారు. అప్పట్లో అది మన దేశంలో పెద్ద ఫ్యాషన్. హవాయి కళాకారుడు టౌ మో కుటుంబం 1940ల్లో కలకత్తాలో ఉండి ఆ వాయిద్యానికి షాగిర్దులను తయారు చేసింది. లక్నోలో పుట్టిన వాన్ షిప్లీ సినిమా పాటల్ని దాని మీద పలికించారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా రాగాలే పలికించారు. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’లో ఉన్న గిటార్ ఆయనదే. విశ్వమోహన్ భట్ మోహన వీణ కూడా ఆర్చ్‌టాప్‌ని మార్చి చేసుకున్నదే.

సరే, మెదక్‌లో ఇలా వాయించింది ఎవరు? ఇన్నాళ్లూ ఎవరూ అడగని బడీ ఫుప్పూని అడిగాను.

“అబ్బా షాదీ బ్యాండ్‌ల వాయించేటోళ్లు బేటా. ఒళ్లో పెట్టుకొని, ఇనుప కడ్డీతోని. సికింద్రాబాద్‌ల రైల్వే ఆంగ్లో ఇండియన్ సాబ్ ఒకాయన ఆస్ట్రేలియా పోతూ సామాన్ అమ్ముతుంటే కొన్నరు. పైసలు చాల్లేదు. అమ్మీ తన వెండి పాజేబులు తీసిచ్చింది. చిన్న పిల్లని, ఆ దినం ఘల్లుమనే చప్పుడు ఇంట్లో బంద్ అయిందని ఏడ్చిన.”

ఫుప్పూకి ఆ ముద్ర సంగతి తెలీదు, నట్ ఎత్తు సంగతీ తెలీదు. అయినా చెక్క చెప్పిందీ ఆమె చెప్పిందీ ఒక్కటే.

చాచాకి గుస్సా వచ్చింది. “ఖిస్సాకే పైసలొస్తయిరా. నువ్వు జర చుప్ ఉండు.”

ఖిస్సాకి పైసలొస్తాయన్నది సచ్ బాతే. కానీ కొనేవాడికి అబద్ధం అంటగడితే అది ధోకా. ఇంకో మాట కూడా ఉంది. ఆ ఇనాం ఖిస్సాలో మా దాదా లేనే లేరు, దాదీ అస్సలు లేదు. దొర దయ ఒక్కటే ఉంది. నిజంలో తన మెహనత్‌తో కొనుక్కున్న ఒక వాద్యగాడున్నాడు, తన కాళ్ల వెండి తీసిచ్చిన ఒక బీవీ ఉంది. మా ఖాందాన్ ఇజ్జత్ ఏ ఖిస్సాలో ఎక్కువ?

పొరల చెక్క ఫ్రామస్‌లకు యూరప్ బజార్‌లో మామూలుగా వందల యూరోల్లోనే ధర. చూసినదంతా ఒక కాగితం మీద రాశాను: ముద్ర, పొరలు, వార్నిష్, నట్, మెడ అడుగున ఉన్న సందు. ఆ కాగితం చూశాక హైదరాబాద్ ఆయన ముప్పై ఆరు వేలన్నాడు. దాన్ని ఆరు హిస్సాలు చేశాం. అబ్బాకి, చాచాకి పన్నెండు వేల చొప్పున, ఫుప్పూలకు ఆరు వేల చొప్పున. చాచా వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత దస్తఖత్ పెట్టారు.

మీ ఇళ్లల్లో కూడా అటకల మీద ఇలాంటివి ఉండొచ్చు. ముందు ముద్రకీ అంకెలకీ ఫోటో తీయండి. వార్నిష్ కొట్టొద్దు, విరిగిన చోట ఫెవికాల్ పూయొద్దు. ఆ తర్వాత ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి దగ్గర కూర్చుని అడగండి.

బడీ ఫుప్పూ తన ఆరు వేలు కొంగున కట్టుకుని ఒక్కటే అడిగింది: “కొన్నాయనకిచ్చే కాగితంల అమ్మీ పాజేబుల మాట రాసినవా బేటా?” రాశాను.