విషయసూచికతో వచ్చిన చిక్కు

పిల్లలూ, 2016 అక్టోబరు 11న మా మేడ్చల్ రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. ఊరు అంగుళమైనా కదలలేదు, చిరునామా మాత్రం మారింది. కంప్యూటర్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ పేరు అలాగే ఉంటుంది, ఊరే కదిలిపోతుంది!

కంప్యూటరు పనులన్నిటి మీదా పెత్తనం చేసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అటువంటిది. అందులో వేలకొద్దీ చిన్న పనులుంటాయి. ప్రతిదానికీ ఒక పేరు, మెమరీలో ఒక చోటు. యంత్రానికి అంకెలు చాలు. పేర్లు కావలసింది మనకే. అందుకని కెర్నెల్‌ను కూర్చినప్పుడల్లా ఏ పేరు ఏ అంకె దగ్గర ఉన్నదో చెప్పే ‘సిస్టమ్ మ్యాప్’ అనే పట్టిక కూడా తయారవుతుంది.

శామీర్‌పేటలో చదువుకునే మా మనుమడు ఒక చిన్న బోర్డు మీద కెర్నెల్ నడుపుతున్నాడు. అది ఆగిపోయినప్పుడల్లా 5,310 వంటి ఒక అంకె చూపేది. పట్టికలో 5,000 దగ్గర ఫైలు తెరిచే పని, 5,400 దగ్గర మరొకటి ఉన్నవి. తప్పు ఫైలు పనిదేనని వాడు మూడు రాత్రులు దాన్నే చదివాడు. పాపం, దానిలో ఏ దోషమూ లేదు.

"ఈ పట్టిక ఏనాటిదిరా?" అన్నాను.

గురువారంది. కెర్నెల్ శనివారంది! మధ్యలో వాడు చేర్చిన కొత్త భాగం మూలాన అన్నీ 500 ముందుకు జరిగాయి. 4,700 దగ్గరి గడియారం పని 5,200కు, ఫైలు పని 5,500కు పోయాయి. 5,310 గడియారం పనిలోది. శనివారం పట్టిక తీయగానే అసలు దొంగ దొరికాడు.

పట్టికను కెర్నెల్ లోపలే పెట్టవచ్చు గదా, అంటారేమో. పెడతారు. దాని పేరు కాల్‌సిమ్స్. ఇక్కడ ఇంకో తమాషా ఉన్నది. బడి పత్రిక అచ్చువేసేటప్పుడు విషయసూచికను మొదట చేర్చితే, అది రెండు పేజీలు ఆక్రమించి తక్కిన పేజీ నంబర్లన్నీ తప్పయిపోతాయి. దిద్దబోతే ఒక్కొక్కప్పుడు సూచికే ఇంకో పేజీకి పెరుగుతుంది! కెర్నెల్‌లోనూ అంతే. ముందు ఒకసారి కూర్చి, అంకెలు రాసుకుని, పట్టికను ఇరికించి, మళ్ళీ కూర్చి, మళ్ళీ అంకెలు తీస్తారు. పట్టిక పరిమాణం మారితే మరొక విడత తప్పదు. చివర లోపలి పట్టికను అసలు అంకెలతో పోల్చి చూస్తారు. పొసగకపోతే కూర్పు అక్కడే ఆగిపోతుంది.

మా వాడి బోర్డులో చోటు చాలదు గనక పట్టిక బయటే ఉంటున్నది. ఇప్పుడు కెర్నెల్‌నూ పట్టికనూ ఒకే సంచిలో, ఒకే తేదీ వేసి దాస్తున్నాడు.