ఊహించు యంత్రము – నా అనుభవము

ఈ కళాశాల పూర్వవిద్యార్థిగా వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గంవారు నన్ను కోరారు. నా విజయాలను గురించి వ్రాస్తానని వారి ఆశ కాబోలు. కాని నా ఎం.టెక్. చదువులో నాకు ఎక్కువగా జ్ఞాపకమున్నది ఒక పరాభవం. దానినే విన్నవించుకుంటాను.

పదవ తరగతి వరకు నాది ఉర్దూ మాధ్యమం. ఇక్కడ బి.ఎస్సీ., ఆ పిమ్మట ఎం.సి.ఏ. ముగించి ఎం.టెక్.లో చేరిన నాకు మొదటి సెమిస్టరులోనే కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ఎదురయింది. హెనెసీ, ప్యాటర్సన్ అను ఆచార్యులిద్దరు రచించి 1990లో తొలిసారి ప్రకటించిన ఉద్గ్రంథమే మా పాఠ్యగ్రంథం. ఆ ఇరువురికీ 2017వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. తొలి మాసంలో దానిలోని ఒక్కొక్క పుటకు నాకొక సాయంకాలం పట్టేది. ఆంగ్లం ఒక ఆటంకం. విషయం మరొక ఆటంకం.

నన్ను గట్టెక్కించినది కర్నూలు పాతబస్తీలోని మా అబ్బాజాన్ దర్జీ దుకాణం. రంజాన్ మాసంలో అక్కడ ఒకరు కొలతలు తీస్తారు, ఒకరు గుడ్డ కత్తిరిస్తారు, ఒకరు కుడతారు, ఒకరు కాజాలు తీసి గుండీలు వేస్తారు. ఒక చొక్కా పూర్తికాకమునుపే రెండవ చొక్కా కత్తెర క్రిందికి వస్తుంది. ప్రాసెసర్‌లోని పైప్‌లైన్ అనేది అచ్చముగా ఇదే. అయితే "షరతు నెరవేరితే ఈ దారి, లేకుంటే ఆ దారి" అనే ఆజ్ఞ వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఫలితం తేలేదాకా వేచియుంటే వెనుకనున్న పనివారందరూ చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. కనుక యంత్రం గతానుభవాన్నిబట్టి ఊహించి ముందుకు సాగుతుంది. దీనికే బ్రాంచ్ ప్రిడిక్షన్ అని పేరు. ఊహ తప్పితే చేసిన పనిని పారవేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఈనాటి ప్రాసెసర్లలో ఒక తప్పుకు సుమారు పదిహేను, ఇరవై గడియార స్పందనలు నష్టం.

మా అబ్బాజాన్ కూడ ఇట్లే ఊహిస్తారు. ఎప్పుడూ పొడవుచేతులు కుట్టించుకొనే ఆసామి ఒకసారి పొట్టిచేతులు అడిగినంతమాత్రాన ఆయన తన అభిప్రాయం మార్చుకోరు. వరుసగా రెండుసార్లు అడిగితేనే మార్చుకుంటారు. 1981లో జేమ్స్ స్మిత్ తన పరిశోధనా వ్యాసంలో వివరించిన రెండు బిట్ల లెక్క సరిగా ఇదేనని గ్రహించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిసార్లు తిరిగే లూపులో ఒక బిట్‌తో ఊహిస్తే రెండు తప్పులు వస్తాయి. రెండు బిట్లతో ఒక్కటే. పోలికకు ఒక హద్దు మాత్రం ఉన్నది. కత్తిరించిన గుడ్డ అతుక్కోదు, యంత్రం పారవేసిన పని మాయమవుతుంది. ఐతే పూర్తిగా మాయం కాదని, దాని జాడలు కాష్ మెమరీలో మిగిలి రహస్యాలను బయటపెట్టగలవని 2018 జనవరిలో 'స్పెక్టర్' వెల్లడి అయినప్పుడు లోకానికి తెలిసింది.

ఇక నా పరాభవం. 1993లో మెక్‌ఫార్లింగ్ వివరించిన 'జీషేర్' పద్ధతికి నేనొక చిన్న మార్పు తలపెట్టి, సిమ్యులేటర్ వ్రాసి చూశాను. నూటికి తొంభై తొమ్మిది ఊహలు సరిపోయాయి! ఆ రాత్రే ఇంటికి ఫోను చేసి అబ్బాజాన్‌కు చెప్పాను. గైడుగారికి నివేదిక సమర్పించాను. సెమినారుకు ముందురోజు సాయంకాలం, కేవలం కుతూహలంకొద్దీ, నాణెం ఎగురవేసినట్లు యాదృచ్ఛికమైన ఫలితాలను దానికి ఇచ్చాను. వాటిని కూడ తొంభై తొమ్మిది పాళ్ళు సరిగా చెప్పింది. నాణెం ఎటు పడుతుందో సగానికి మించి ఎవరు చెప్పగలరు? నా చేతులు చల్లబడ్డాయి.

తెల్లవారుజామున తప్పు దొరికింది. ఊహించడానికి ముందే అసలు ఫలితాన్ని చరిత్ర రిజిస్టరులో చేర్చాను. అనగా ప్రశ్నపత్రంలోనే జవాబు అచ్చయింది. రెండు పంక్తులు తారుమారు చేయగా ఫలితం తొంభై రెండుకు దిగింది. మార్పు చేయని జీషేరే అంతకంటె మెరుగు.

మౌనం వహించినా కనిపెట్టేవారు లేరు. మా తరగతిలో ఎవరూ ఎవరి ప్రోగ్రామునూ తెరచి చూడరు. ఫజర్ వేళ దాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. నేనేమీ మహాత్ముడను కాను. చివరకు సెమినారులో మొదటి పటంగానే నాణెం పరీక్షను చూపించాను. ఇద్దరు మిత్రులు నవ్వారు. గైడుగారు నవ్వలేదు, నివేదికను వెనక్కు ఇచ్చి, సరిదిద్ది తెమ్మన్నారు. నాకు 'బి' గ్రేడు వచ్చింది. మరుసటి సంవత్సరం ప్రయోగశాల పుస్తకంలో ఆ నాణెం పరీక్ష మొదటి అభ్యాసంగా చేరిందని తరువాత విన్నాను.

సెమినారుకంటె కష్టమైనది ఇంటికి మళ్ళీ ఫోను చేయడం. అబ్బాజాన్ అంతా విని, "సరిచేసిన తరువాత ఎంత వచ్చింది, బేటా?" అన్నారు. తొంభై రెండు అన్నాను. అవతల కాసేపు కుట్టుమిషను చప్పుడు మాత్రమే వినిపించింది. "నలభై ఏండ్లుగా ఊహిస్తున్నాను, నాకు అంత రాలేదు" అని, గిరాకీ వచ్చారని ఫోను పెట్టేశారు.