గండికోటకు ఒక్కరోజు నడక

ఆదివారం ఇంట్లో అందరికీ సెలవే, మనకు తప్ప! ఈసారి మీరూ కాళ్ళారా తిరిగి, కళ్ళారా చూసేలా గండికోటకు బయల్దేరండి. ప్రొద్దుటూరు వాళ్ళు నేరుగా, పులివెందుల వాళ్ళు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాలి. అక్కణ్ణుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఎండాకాలం బండలు కాలిపోతాయి. పొద్దున 8 గంటలకల్లా కోట వాకిట్లో ఉండాలి.

పెద్ద క్యారియర్లు వద్దు. మొయ్యడం, వడ్డించడంతోనే మీ రోజు అయిపోతుంది. ముందురాత్రి కాల్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, తెల్లవారి కలిపిన పులిహోర పొట్లాలు కట్టి, ఎవరివి వారి సంచిలో పెట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. కోతులుంటాయి, సంచుల మూతులు బిగించండి. జారని చెప్పులే వేసుకోండి.

లోపల చార్మినార్ అని పిలిచే కట్టడం, జైలు, జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి చూసుకుంటూ లోయకు నడవండి. ఎర్రమల కొండలను పెన్నేరు కోసుకుపోయిన లోయ అది. లోతు దాదాపు 300 అడుగులు! ఫోటోల కోసం ఎవరినీ అంచుదాకా పోనివ్వకండి. పిల్లల చెయ్యి వదలొద్దు. ఓ గంటసేపు ఆ చెయ్యి వాళ్ళ నాన్నకు అప్పజెప్పి, మీరు వెనకబండ మీద నెమ్మదిగా కూర్చుని చూడండి.

తిరుగుదారిలో మాధవరాయస్వామి గుడి గోపురం చూసి, చీకటి పడకముందే బయటికి వచ్చేయండి. ఆ రాత్రికి మిగిలిన రొట్టెలే చాలు, పొయ్యి వెలిగించకండి!